పగలగొట్టుడుకు పద్దు లేదు

మా సైట్ల లెక్కల బుక్కు ఒకటుంటది, ఎర్ర అట్టది. దాంట్ల అన్నీ రాస్తరు. సిమెంటు ఎన్ని బస్తాలొచ్చినయి, రాడ్ ఎన్ని టన్నులు, ఇసుక ఎన్ని ట్రిప్పులు, కాంక్రీటు కలిపే మిల్లర్ కిరాయి, డీజిల్, స్లాబ్ రోజు కొట్టిన గుమ్మడికాయ, ఆ పొద్దుటి టిఫిన్లు, సాయంత్రం దావత్‌కిచ్చిన పైసలు, ఆఖరికి వాచ్‌మన్ కొడుకు ఫీజుకిచ్చిన అప్పు కూడా ఉంటది. పగలగొట్టి మల్ల చేసినదానికి మాత్రం పద్దు లేదు. బ్రేకర్ మిషన్ కిరాయి "ఇతర ఖర్చులు"ల పోతది, మల్ల పోసిన కాంక్రీటు మామూలు కాంక్రీటుల కలిసిపోతది, ఆ నాలుగు రోజుల కూలి మామూలు కూలిల కలిసిపోతది. బిల్డింగ్ అయిపోయినంక ఆ బుక్కు తిరగేస్తె మేం ఒక్క తప్పు కూడా చెయ్యనట్టే కనపడతది.

నేను పదకొండేండ్ల నుంచి సివిల్ ఇంజినీరుగ సైట్ల మీదనే ఉన్న. ఎక్కువగా హన్మకొండ, కాజీపేట, నడుమ రెండేండ్లు కరీంనగర్, అన్నీ జీ ప్లస్ ఫోర్, జీ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్లే. మా బాపుది కూడా కట్టుబడి పనే, మేస్త్రి, పరకాల దిక్కు ఊర్లల్ల ఇండ్లు కట్టేటోడు. ఆయనకు డ్రాయింగ్ అంటే నేల మీద సున్నంతోని గీసిన గీత. ఇంటాయన, ఇంటామె, మేస్త్రి, కూలోళ్లు, అటుకెల్లి పోయే పక్కింటాయన అందరు ఆ గీత చుట్టూ నిలబడి గంట సేపు కొట్లాడుకునేటోళ్లు, వంటిల్లు ఇంకో మూర జరపాలె, తలుపు ఇటు కాదు అటు అని. కాలితోని గీత చెరిపి మల్ల గీసుడు, అంతే రీవర్క్, అంటే చేసిన పనిని మల్ల చేసుడు. చిన్నప్పుడు అది చూస్తె నాకు నవ్వొచ్చేది. ఇంజినీరింగ్ చదివినంక ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లే.

ఎందుకంటే పోయినేడాది మా సైట్ల మూడో ఫ్లోర్ స్లాబ్ కాడ ఏమైందంటే, ఫ్లాట్ బుక్ చేసుకున్నాయన వాస్తు చూసే పంతులును తోలుకొచ్చిండు, ఆయన ప్లాన్ చూసి బెడ్‌రూం బాత్రూం ఈశాన్యంల పడ్తున్నది, పనికిరాదు అని తేల్చిండు. సరే, ఇది మా దగ్గర కొత్తేం కాదు. ఆర్కిటెక్ట్ బాత్రూంను ఆ గదిలనే వాయవ్యం మూలకు జరిపి, కొత్త పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల వేసిండు, బుధవారం రాత్రి పది దాటినంక. తెల్లారేసరికి దాని మీద గుడ్ మార్నింగ్ పూలు, ఇసుక ట్రాక్టర్ ఫొటోలు, ఎవరిదో మనవడి బర్త్‌డే. నేను చూడలేదా అంటే చూసిన, "ఓకే సార్" అని పెట్టిన కూడా. ప్రింట్ తీపియ్యాలె అనుకున్న, మర్చిపోయిన. స్లాబ్ కింద షీట్లు కట్టే సెంట్రింగ్ కాక చేతిల చాయ్ మరకల పాత ప్రింటే ఉన్నది.

శనివారం ప్లంబర్ వచ్చిండు. ఆయన ఫోన్ల కొత్త పీడీఎఫ్ ఉన్నది, ఆయన దాన్ని చూసి పైపులకు స్లీవులు, అంటే స్లాబుల పైపు దూరే గొట్టాలు, వాయవ్యం మూలకు కట్టి పోయిండు, అటు దిక్కు కామన్ బాత్రూం పైపులు దిగే డక్టు ఎట్లనో ఉన్నది గనక ఆయనకేం ఇబ్బంది లేదు. సెంట్రింగ్ కాక సంకెన్‌ను, అంటే బాత్రూం పైపులు పట్టడానికి స్లాబును కిందికి దించే గుంతను, ఈశాన్యం మూలకు దించిండు, అడుగు లోతు, నీటుగ, లెవెల్ తోని సహా. అంటే ఒకే గదిల, పది అడుగుల దూరంల, ఒక మూలకు గుంత ఉన్నది, ఇంకో మూలకు పైపులున్నయి. ఆదివారం పొద్దున ఆరింటికి గుమ్మడికాయ కొట్టి మిల్లర్ స్టార్ట్ చేసినం, నేను, మా బిల్డర్ సేటు, రాడ్ బెండర్లు, స్లాబ్ గ్యాంగ్ ముప్పై మంది, సాయంత్రం దాకా ఆ రెండు మూలల మీదకెల్లే నడిచినం. ఒక్కరం కూడా ఆగలే.

శుక్రవారం ప్లంబర్ వచ్చి నిలబడి అడిగిండు, "మేడం, సంకెన్ ఏది?"

ఇగ ఏం చెయ్యాలె. బాత్రూంను అడుగు ఎత్తు మీద కట్టి రెండు మెట్లు పెడదామని సేటు అన్నడు, కొన్నాయన ఒప్పుకోలే, ఒప్పుకోకుంట ఉండుడే కరెక్ట్. స్ట్రక్చరల్ ఇంజినీర్ సార్‌కు ఫోన్ చేస్తె ఆయన వచ్చి టేప్ పెట్టి చూసిండు. బీము లోతు 18 ఇంచులు, స్లాబ్ మందం 5, సంకెన్ 12, కలిపితే 17, అంటే ఒక్క ఇంచు మిగిలింది. బతికినం అనుకున్న. ఆ ముక్క వరకే పగలగొట్టి, బీము పక్కకు డ్రిల్ కొట్టి, కెమికల్ పెట్టి కొత్త రాడ్లు దింపి, అడుగు కిందికి మల్ల షీట్ కొట్టి పోయాలె. అప్పటికి కాంక్రీటు పోసి అయిదు రోజులే, కింద స్లాబును మోసే జాకీలు ఇంకా తియ్యలే, అదొక్కటే మా అదృష్టం, అదే 28 రోజులు దాటినంక అయితే ఎంత గట్టిపడేదో ఆలోచించుకోండ్రి. మూడు రోజులు బ్రేకర్ మోత. పక్కింటి పెద్దమనిషి రోజూ వచ్చి నా పేరు అడిగి పోయేటోడు, ఎందుకు అడిగేటోడో ఇప్పటికీ తెల్వదు. ఇంకో మూలకు మిగిలిపోయిన గుంతను లైట్ వెయిట్ బ్లాక్ ముక్కలు నింపి పైన లెవెల్ చేసినం. ఇప్పుడు దాని మీద ఎవరి మంచమో ఉంటది.

పగలగొడుతున్న రెండో రోజు, దుమ్ముల నిలబడి సెంట్రింగ్ కాక ఒక మాట అన్నడు. "నాకు శనివారమే డౌటొచ్చింది బిడ్డా, పైపులు అటున్నయి, గుంత ఇటున్నది, ఇదేంది అని."

మరి చెప్పాలె గదా కాకా అన్న నేను, కొంచెం గట్టిగనే.

"రెండో ఫ్లోరుల మెట్ల కాడ ఒక ముచ్చట అడిగితే, కాయిదంల ఉన్నట్టు చెయ్యి కాకా, ప్రతిదానికి పని ఆపకు అన్నవు గదా."

అన్నది నిజమే. నేనే అన్న. ఆ రోజు కాంక్రీట్ లారీ గేటు కాడ ఆగి ఉండె, సేటు ఫోన్ల ఉండె, ఆ తొందరల అన్న మాట. అది నాకు యాదికే లేదు, కాకకు మాత్రం అక్షరం అక్షరం యాదికుంది. తర్వాత ప్లంబర్‌ను అడిగితే ఆయనకూ కనపడ్డదట, గుంత అటు దిక్కు ఎందుకుందో అనుకున్నడట, "సెంట్రింగోళ్లు తర్వాత మారుస్తరేమో అనుకున్న మేడం". సగం సంగతి కాకకు తెలుసు, సగం ప్లంబర్‌కు తెలుసు, మొత్తం నా ఫోన్ల ఉన్నది.

ఆ నెలనే నేను రీవర్క్ మీద రీసెర్చ్ పేపర్లు వెతుక్కొని చదువుడు మొదలుపెట్టిన. మొదట్ల ఉద్దేశం అంత మంచిది కాదు, నిజం చెప్పాలంటే సేటు ముందల పెట్టడానికి ఒక అంకె కావాలె, తప్పు నాదొక్కదానిదే కాదని చూపెట్టే అంకె, అంతే. దొరికింది కూడా. 1992ల అమెరికాల బురాటి అనే ప్రొఫెసర్, ఇంకో ఇద్దరు కలిసి తొమ్మిది ఇండస్ట్రియల్ ప్రాజెక్టుల లెక్కలు తీసిండ్రు. అనుకున్నదానికి, చేసినదానికి తేడా వచ్చి సరిచేసుకున్న ఖర్చు సగటున మొత్తం ప్రాజెక్టు ఖర్చుల 12.4 శాతం. దాంట్ల 79 శాతం డిజైన్ దిక్కుకెల్లి వచ్చిందే. నేను ఆ రాత్రి ఎగిరి గంతేసిన, చూసిండ్రా డిజైనోళ్లే అని. ఆ స్క్రీన్‌షాట్ సేటుకు పంపుదామనుకొని ఎందుకో ఆగిన, ఆగింది మంచిదైంది.

ఎందుకంటే తర్వాత స్వీడన్ వాళ్లది చదివిన. జోసెఫ్‌సన్, హామర్‌లుండ్ అని, 1999ల వచ్చిన పేపర్. వీళ్లు చేసింది నాకు బాగా నచ్చింది, ఏడు బిల్డింగ్ ప్రాజెక్టులల్ల సైట్ల మీదనే మనుషులను ఉంచి, కండ్ల ముందల జరిగిన ఒక్కో తప్పును రాసుకున్నరు, ఆఫీసుల కూసొని ఫారాలు నింపిపిచ్చుడు కాదు. తప్పుల ఖర్చు కట్టుబడి ఖర్చుల 2.3 శాతం నుంచి 9.4 శాతం దాకా వచ్చింది. అసలు సంగతి కారణాల కాడ ఉంది. తెలియక చేసిన తప్పుల కన్నా, తెలిసి కూడా మర్చిపోయో పట్టించుకోకో చేసిన తప్పులకే ఎక్కువ ఖర్చైంది. ఇది చదివినప్పుడు "ఓకే సార్" అని నేను పెట్టిన మెసేజ్ యాదికొచ్చింది. దానికి ఏ ట్రైనింగ్ ఇచ్చి లాభం? నాకు తెలుసు గదా.

మల్ల ఆస్ట్రేలియాల పీటర్ లవ్ అని ఒకాయన ఉన్నడు, రీవర్క్ మీద ఏండ్లకేండ్లు పని చేసిండు. 2000ల హెంగ్ లీ తోని కలిసి రెండు ప్రాజెక్టులు చూసి 3.15 శాతం, 2.40 శాతం అని చెప్పిండు. 2002ల 161 ప్రాజెక్టులోళ్లను అడిగి చూస్తె నేరుగా అయిన ఖర్చు సగటున కాంట్రాక్ట్ విలువల 6.4 శాతం, చాటుమాటు ఖర్చు ఇంకో 5.6 శాతం వచ్చింది. ఇంగ్లండ్ల 1998ల ఈగన్ రిపోర్ట్ అయితే కట్టుబడి పనిల 30 శాతం దాకా రీవర్కే అన్నది. ఇగ చూడుండ్రి, 2.3 నుంచి 30 దాకా, ఏ అంకె పట్టుకోవాలె?

కొన్ని రోజులు తికమక పడ్డ, తర్వాత అర్థమైంది. ఒక్కొక్కరు ఒక్కోదాన్ని రీవర్క్ అంటున్నరు. ఒకరు ఓనర్ మనసు మార్చుకుని చేపిచ్చిన మార్పును కూడా కలుపుతరు, ఇంకొకరు అది స్కోప్ (పని పరిధి) మార్పు, తప్పు కాదు అని పక్కకు పెడతరు. ఒకరు కూలి, సామాను వరకే లెక్క కడతరు. ఇంకొకరు ఆగిపోయిన గ్యాంగును, లేటైన పనిని కూడా చేరుస్తరు. మా మూడో ఫ్లోర్ సంగతే తీసుకోండ్రి, వాస్తు పంతులు చెప్పిన మార్పు రీవర్కా? నన్నడిగితే కాదు, అది కాయిదం మీద మార్పు, రబ్బరుతోని చెరిపేది. ఆ మార్పు సంగతి కాకకు చేరకపోవుడు రీవర్క్. కాని సేటు లెక్కల ఇప్పటికీ మొత్తం తప్పు పంతులుదే.

చాటుమాటు ఖర్చు గురించి ఒక మాట. మేం పగలగొట్టిన ఆ వారం నాలుగో ఫ్లోర్ పిల్లర్లకు రాడ్ కట్టాల్సిన బెండర్లు ఖాళీగ కూసున్నరు, రెండు రోజులు చూసి జనగామ దిక్కు ఇంకో సైటుకు పోయిండ్రు, మల్ల రానీకి పన్నెండు రోజులు పట్టింది. టైల్స్ ఆయన వేరే పని ఒప్పుకున్నడు. ఆలస్యమైన పన్నెండు రోజులు కలుపుకోవాలని తర్వాతి స్లాబ్ కాడ ఉరికినం, ఉరికినకాడ ఇంకో తప్పు పడ్డది, ఒక పిల్లర్ కింద తేనెతుట్టె లెక్క ఖాళీలు. ఇది ఎర్ర బుక్కుల ఏ పేజీల రాస్తం?

ఇంకోటి, ఆ 161 ప్రాజెక్టుల స్టడీల నన్ను ఆశ్చర్యపరిచింది ఏందంటే, కాంట్రాక్ట్ ఏ పద్ధతిల ఇచ్చిండ్రు, కట్టేది ఇల్లా ఆఫీసా అన్నదాన్ని బట్టి రీవర్క్ ఖర్చుల చెప్పుకోదగ్గ తేడా ఏం కనపడలే. నేను ఎప్పుడూ అనుకునేది, మా దగ్గర కాంట్రాక్ట్ పద్ధతే దరిద్రం, అది బాగైతే అన్నీ బాగైతయి అని. ఎందుకంటే మా దగ్గర సెంట్రింగోళ్లకు చదరపు అడుగుకు ఇంత, రాడ్ బెండర్‌కు టన్నుకు ఇంత, ప్లంబర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు పాయింటుకు ఇంత, స్లాబ్ గ్యాంగుకు గుత్త. ఎవని పని వాడు జల్ది చేసుకొని పోతేనే వాడికి గిట్టుబాటు. పక్కోని పని చూసి "ఇదేంది తేడా ఉంది" అని అడగడానికి ఆగిన పది నిమిషాలకు ఎవ్వడూ పైసలియ్యడు. కాక నోరు తెరిస్తె కాకకే నష్టం. ఇది నిజమే, ఇప్పటికీ నమ్ముతున్న. గని కాంట్రాక్ట్ కాయిదం మార్చినంత మాత్రాన మనుషులు మాట్లాడుకుంటరని గ్యారంటీ లేదని ఆ స్టడీ చూసినంక ఒప్పుకోక తప్పలే.

మేడిగడ్డ బ్యారేజీ గురించి అడుగుతరు నన్ను చాలామంది, సివిల్ అనంగనే. 2023 అక్టోబర్ 21న పియర్లు (గేట్ల నడుమ స్తంభాలు) కుంగినంక డ్యాం సేఫ్టీ అథారిటీ కమిటీ వచ్చి చూసి ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ, నాలుగిట్ల లోపాలున్నయని రాసింది. రాజకీయం మీరు మాట్లాడుకోండ్రి, నేను ఆ నాలుగు పదాలనే చూసిన. నాలుగు వేరే వేరే టేబుళ్లు, నలుగురు వేరే వేరే మనుషులు, కుంగింది ఒక్క చోట.

సరే మా సైటుకొస్త. చదివినదాంట్ల పనికొచ్చింది గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ వాళ్ల లాస్ట్ ప్లానర్ అనే పద్ధతి, అమెరికాల 90లల్ల మొదలైంది. పేరు పెద్దగుంది గని సంగతి చిన్నది. పై నుంచి ఆర్డర్ ఏసుడు కాదు, పని చేసేటోనినే అడగాలె, వచ్చే వారం ఇది చేస్తవా, చెయ్యడానికి నీకు అన్నీ ఉన్నయా అని, కాదనే హక్కు వానికి ఉండాలె. వారం చివరికి చెప్పినవాటిల ఎన్ని అయినయో లెక్క పెట్టాలె, కానివి ఎందుకు కాలేదో రాయాలె. వాళ్లు మొదట్ల చూసినప్పుడు సైట్లల్ల ఒప్పుకున్న పనులల్ల సగానికి అటూఇటుగనే అయితుండెనట. నాకు చాలా ధైర్యమొచ్చింది, మా ఒక్కరి సంగతే కాదన్నట్టు.

మేం శనివారం బట్వాడా రోజు పెట్టుకున్నం, ఎందుకంటే ఆ రోజు పైసల కోసమైనా అందరు వస్తరు. పైసలియ్యక ముందు పావుగంట. పైసలిచ్చినంక పెడితే ఒక్కడు ఉండడు, అది ముందే తెలుసు. మొదటి వారం "ఏమన్నా డౌట్లున్నయా" అని అడిగిన. "లెవ్వు మేడం" అన్నరు అందరు కోరస్ లెక్క. రెండో వారం అదే. మూడో వారం అడిగేది మార్చిన, "వచ్చే వారం మీ పని యాడ ఆగుతది, ఎవరి వల్ల ఆగుతది?" అని. ఇగ చూడాలె. ఎలక్ట్రీషియన్ తమ్ముడు సెంట్రింగోళ్ల మీద, సెంట్రింగోళ్లు రాడ్ మీద, రాడోళ్లు నా మీద. మనకు డౌటుందని ఒప్పుకోవాలంటే సిగ్గు, పక్కోడు అడ్డమొస్తున్నడని చెప్పాలంటే ఎక్కడలేని ఉషారు. ఆ కొట్లాటలనే, హాల్ల ఫ్యాన్ బాక్స్ పెట్టే జాగల కొత్త డ్రాయింగ్ ప్రకారం బీమొస్తదని బయటపడ్డది. ఎలక్ట్రీషియన్ తమ్ముడు అప్పటికప్పుడే ఆర్కిటెక్ట్‌కు ఫోన్ కొట్టిండు.

భాష ఒక తిప్పలు. మా రాడ్ బెండర్లు ఒడిశా వాళ్లు, షీట్లు ఎక్కిచ్చే పిల్లగాండ్లు బిహార్ వాళ్లు, కాకది మన వర్ధన్నపేట దిక్కు, డ్రాయింగేమో ఇంగ్లీష్‌ల. నేను ఓరుగల్లు హిందీ మాట్లాడత, అది వాళ్లకు సగం అర్థమై సగం నవ్వొస్తది. అందుకని మాటలు తక్కువ చేసి గీతలు ఎక్కువ చేసినం. స్లాబ్‌కు ముందు రోజు నేనే డబ్బా పట్టుకొని, సంకెన్ ఉన్న కాడ సెంట్రింగ్ షీట్ల మీద ఎర్ర పెయింటుతోని పెద్దగ గళ్లు గీస్త, డక్టు కాడ నీలం. ఎవడైనా దాని మీద నడిచేటప్పుడు చూడక తప్పదు. గీస్తుంటే మా బాపు సున్నం గీత యాదికొస్తది, ఇంత చదివి మల్ల ఆడికే వచ్చిన్నా అనిపిస్తది. పాత ప్రింట్లు వాపస్ తీసుకొని చింపేసుడు కూడా పెట్టుకున్నం. ఇదే కష్టమైంది, ఎందుకంటే పాత ప్రింట్ వెనకాలనే వాళ్ల కూలి లెక్కలు, ఫోన్ నంబర్లు, అన్నీ రాసుకుంటరు.

అన్నీ బాగైనయని అనుకోకుండ్రి. నాలుగో ఫ్లోర్ బాల్కనీ కాడ ఏమైందో చెప్త. నాలుగడుగులు ముందుకొచ్చే బాల్కనీ, దాని బలం అంతా పై రాడ్లదే, అవి పైననే ఉండాలె, కింద కుర్చీలు అనే వంచిన రాడ్ ముక్కలు పెట్టి నిలబెడతరు. స్లాబ్ పోసే హడావిడిల తట్టలు మోసేటోళ్లు వాటినే తొక్కుకుంట పోతరు, కుర్చీలు ఒరిగిపోతయి, రాడ్లు కిందికి పోతయి, పైన కాంక్రీటు పడ్డదంటే ఇగ ఎవ్వరికీ కనపడదు. కొన్నేండ్లకు బాల్కనీ గోడ కాడ పై మొకాన పగులొస్తది. ఇది తెలియనోడు ఆ సైట్ల ఒక్కడు లేడు. నేను కూసొని చేయి పెట్టి చూసిన, రాడ్ కింద ఒక వేలు కూడా దూరలే, షీట్‌కు అంటుకున్నది. మిల్లర్ ఆపుమన్న. గ్యాంగు పెద్దమనిషికి కోపమొచ్చింది, "కలిపిన మాల్ గట్టిపడితే ఎవరిది బాధ్యత" అన్నడు, ఆయన మాటల కూడా న్యాయమున్నది, ఆయనది గుత్త పని. పది నిమిషాలు పట్టింది, రాడ్లెత్తి కుర్చీలు కట్టి, నడవడానికి పలకలేసినం. అందరు నా దిక్కు చూసిన చూపు ఉన్నది చూడు, దావత్ కాడ కూడా నాతోని సరిగ మాట్లాడలే. అదే పని పదేండ్ల తర్వాత చెయ్యాలంటే మొత్తం బాల్కనీ తీసెయ్యాలె. ఈ పది నిమిషాల రీవర్క్ స్వీడన్ వాళ్ల పద్ధతిల అయితే లెక్కకొస్తది, మా ఎర్ర బుక్కుల రాదు. అందుకే నేను సొంతంగ ఒక నోట్‌బుక్ పెట్టిన. తారీఖు, ఏం విప్పినం, ఎందుకు విప్పినం, ముందే ఎవరికన్నా తెలుసా. నాలుగే గళ్లు. పేర్లు రాయొద్దని నాకు నేను కట్టుబాటు పెట్టుకున్న, పేరు రాస్తున్నరని తెలిస్తె ఇగ ఎవ్వడు నోరు తెరువడు.

దీనికి నాకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడిదంటే నవ్వుతరు, వేయిస్తంభాల గుడి. 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిన గుడి, దాని కల్యాణ మంటపాన్ని నేను టెన్త్‌ల ఉన్నప్పుడు, 2006ల, పురావస్తు శాఖ వాళ్లు విప్పిండ్రు. రాళ్లకు నంబర్లేసి పక్కకు పేర్చిండ్రు. మేం గుడికి పోయినప్పుడల్లా చూసేటోళ్లం, ఎప్పుడైతది ఇది అని. మల్ల నిలబడి తెరుచుకునేసరికి 2024 మార్చి, 18 ఏండ్లు. లేటు సంగతి పక్కకు పెట్టుండ్రి, దాని మీద ఓరుగల్లోళ్లందరికీ ఒక అభిప్రాయం ఉంది. గని విప్పేటప్పుడు ఏ రాయి ఏడిదో రాసుకొని విప్పిండ్రు. మేం మూడో ఫ్లోర్ ముక్క పగలగొట్టినప్పుడు ఒక్క ఫొటో తియ్యలే.

నోట్‌బుక్ మొదలైన రెండో నెల సేటు దాన్ని తిరగేసి నన్ను పిలిచిండు. "నువ్వు ఈ మీటింగులు పెట్టినకాడికెల్లి తప్పులు ఎక్కువైనయి మేడం, ఇంతకుముందు ఇన్ని లేకుండె" అన్నడు. ఆయనకు నేను ఆస్పత్రుల మీద జరిగిన ఒక స్టడీ చెప్పిన. ఎమీ ఎడ్మండ్‌సన్ అని, 1996ల వచ్చిన పేపర్, మందులిచ్చుట్ల తప్పుల గురించి. మంచి నర్సింగ్ టీములల్ల తప్పులు తక్కువుంటయని చూడబోతే, ఎక్కువ కనపడ్డయి. కారణం ఏందంటే ఆ టీములల్ల భయం లేక తప్పును చెప్పుకుంటున్నరు, మిగతా కాడ దాచుకుంటున్నరు. సేటు మొత్తం విన్నడు, చాయ్ తాగిండు, "ఆస్పత్రి వేరే, సైటు వేరే మేడం" అన్నడు. అయినా నోట్‌బుక్ ఆపుమనలే. ఒక్క సైటు లెక్కతోని ఏం తేలదు గనక దాంట్లకెల్లి అంకెలు తీసి ఇక్కడ పెడ్తలే, ఇంకో రెండు సైట్లు అయితే చూద్దాం. నాలుగో గడి మాత్రం, "ముందే ఎవరికన్నా తెలుసా" అన్నది, "అవును" అని రాసిందే ఎక్కువ సార్లు.

కాకకు నేను సారీ అని చెప్పలే, అది మా ఇద్దరికీ రాని ముచ్చట. పోయిన నెల పెంట్‌హౌస్ సెంట్రింగ్‌కు ప్రింట్ ఇచ్చిన, కాక కండ్లద్దాలు పెట్టుకొని మూల కాడ చిన్న అక్షరాలు చదువబోయి, రాకపోతే నాకే వాపస్ ఇచ్చి "దీని తారీఖెంత బిడ్డా, దీని తర్వాత ఇంకోటి రాలే గదా" అని అడిగిండు. ఫోన్ తీసి గ్రూపు మొత్తం పైకి జరిపి చూసిన, వచ్చి ఉన్నది, మొన్న రాత్రిది, మెట్ల ల్యాండింగ్ ఆరు ఇంచులు మారింది.

ఎర్ర బుక్కు సంగతి అడిగితే, ఆఖరికి మా అకౌంట్స్ పిల్లగాడు ఒక పద్దు పెట్టిండు. "రీవర్క్" అని రాస్తె సేటుకు నచ్చలే, ఆడిటర్ చూస్తె ఏమనుకుంటడో అన్నడు, అందుకని "మరమ్మతు" అని రాసిండు. మొన్న తెరిచి చూస్తె దాంట్ల ఒకటే ఎంట్రీ ఉన్నది, ఆఫీస్ కూలర్ మోటర్ రిపేర్.